పేరు వెనుక కథ తెలిసి పెట్టండి

బాన్సువాడలో పంతులుగా పనిచేసినన్నాళ్లూ బడి అడ్మిషన్ రిజిస్టర్లు నేనే రాశాను. మా చర్చిలో బిడ్డకు పేరు పెట్టే వేళ పెద్దవాడినని నన్నే సలహా అడిగేవారు. ఆ అనుభవం నేర్పిన ఆరు సంగతులు చెబుతాను.

1. ముందు పేరు చివర చూడండి. 'ఏలు' అంటే హెబ్రీలో దేవుడు. దానియేలు అంటే దేవుడే నా న్యాయాధిపతి. మిఖాయేలు ఒక ప్రశ్న: దేవుని వంటివాడు ఎవడు? చివర 'యా' ఉంటే అది యెహోవా. ఏలీయాలో రెండూ ఉన్నాయి: యెహోవాయే నా దేవుడు. అంటే మనం బిడ్డను పిలిచిన ప్రతిసారీ ఒక విశ్వాసాన్ని పలుకుతున్నాం.

2. చర్చికి వచ్చిన పేర్లే మసీదుకూ వచ్చాయి. యాకోబు-యాకూబ్, యోసేపు-యూసుఫ్, మోషే-మూసా, దావీదు-దావూద్, యోనా-యూనుస్. ఒకటి తెలుగు బైబిలు ద్వారా, ఇంకోటి ఖురాన్ అరబ్బీ ద్వారా మన ఊరు చేరాయి. ఇష్మాయేలు అంటే 'దేవుడు వింటాడు'. ఎడారిలో దిక్కులేని హాగరు మొర విన్నాడని ఆమె కొడుక్కి ఆ పేరు వచ్చింది. మన ఊరి ఇస్మాయిల్‌ది ఆ పేరే. ఒకే బెంచీ మీద కూర్చునే దావీదుకు, దావూద్‌కు తమది ఒకే పేరని చెప్పండి. ఆ స్నేహం గట్టిపడుతుంది.

3. మహాకవి గుర్రం జాషువా పేరు తెలియని తెలుగువాడు లేడు. 1895లో వినుకొండలో పుట్టాడు. జాషువా అంటే 'యెహోవాయే రక్షణ'. హెబ్రీలో ఆ పేరు యెహోషువ. దాని పొట్టి రూపం యేషువ, అదే మన యేసు. జాషువా, యేసయ్య వేరు వేరు పేర్లనుకునే వారికి ఈ సంగతి చెప్పాలి.

4. తల్లి దుఃఖాన్ని బిడ్డ నెత్తిన పెట్టవద్దు. రాహేలు కాన్పులో ప్రాణం విడుస్తూ కొడుకును బెనోని, అంటే 'నా దుఃఖపుత్రుడు' అంది. తండ్రి యాకోబు దాన్ని బెన్యామీనుగా మార్చాడు: 'కుడిచేతి కుమారుడు'. పుట్టిన బిడ్డలు దక్కని ఇంట్లో పెంటయ్య అని పెట్టడం మన వైపూ ఉంది. అది బిడ్డ బతకాలన్న ఆరాటమే. కానీ ఆ పేరు మోయాల్సింది బిడ్డ. యాకోబు చేసిన పనే మేలు.

5. బైబిలులో ఉన్నదల్లా హెబ్రీ కాదు. పేతురు గ్రీకు, 'రాయి' అని. పౌలు లాటిన్, 'చిన్నవాడు' అని. మార్త, తోమా అరమాయిక్ పేర్లు. ఎస్తేరు అసలు హెబ్రీ పేరు హదస్సా. అర్థం అడిగినవారికి తోచింది చెప్పకండి, చూసి చెప్పండి.

6. మన నాలుకకు తగ్గట్టు పిలుచుకోవడం తప్పు కాదు. మెదక్ కెథడ్రల్ కట్టించిన వెస్లియన్ మిషన్ తిరిగిన మా పల్లెల్లో సారా సారమ్మ అయింది, రూతు రూతమ్మ అయింది. అవి మన సొంత పేర్లు. కాగితం మీద మాత్రం ఒకే రూపం ఉంచండి. చర్చి పుస్తకంలో యోహాను, బడిలో జాన్, ఆధార్‌లో జానయ్య అని ఉంటే రేపు ఆ పిల్లవాడే ఆఫీసుల చుట్టూ తిరగాలి.

తల్లిదండ్రులారా, పేరు ఖాయం చేసే ముందు ఆ పేరున్న మనిషి కథ ఒక్కసారి చదవండి. బిడ్డకు బుద్ధి తెలిశాక ఆ కథ మీ నోటితోనే చెప్పండి.