నిష్పాక్షికతకు సంకల్పం చాలదు

ఒక కొలతలో గాని నిర్ణయంలో గాని పొరపాట్లు అటొకటి ఇటొకటి పడకుండా పదేపదే ఒకే వైపుకు పడుతూ ఉంటే, ఆ స్థిరమైన మొగ్గును ఇంగ్లీషులో బయాస్ అనీ తెలుగులో పక్షపాతమనీ వ్యవహరిస్తారు. వాడుకలో ఈ మాటకు నింద అంటుకొని ఉంది. పక్షపాతి అనగానే కావాలని ఒకరికి మేలూ మరొకరికి కీడూ చేసేవాడే స్ఫురిస్తాడు. గణాంకశాస్త్రంలో ఈ నింద లేదు. ఖాళీగా ఉన్నప్పుడే 50 గ్రాములు చూపే కాటాకు కొనేవారి మీద కక్షేమీ ఉండదు. అయినా అది ప్రతి వస్తువునూ 50 గ్రాములు ఎక్కువగానే తూస్తుంది, 100 సార్లు తూచి సగటు కట్టినా ఆ దోషం అలాగే మిగులుతుంది. వ్యక్తిత్వాన్ని దిద్దుకోదలచినవారికి ఈ శాస్త్రార్థమే ఎక్కువ మేలు చేస్తుంది, ఎందుకంటే తమలో దురుద్దేశం ఉందేమోనని వెతికి, అది కనబడక, తమ నిర్ణయం నిష్పాక్షికమేనని తేల్చుకోవడం మంచివారు తరచుగా చేసే పొరపాటు.

న్యాయస్థానాలు ఈ చిక్కును ఏనాడో గుర్తించాయి. తన వ్యవహారంలో తానే న్యాయనిర్ణేత కారాదన్నది సహజ న్యాయ సూత్రాలలో, అంటే చట్టంలో విడిగా రాసి లేకపోయినా ప్రతి విచారణా పాటించవలసిన కనీస నియమాలలో, ఒకటి. భారతీయ అటవీ సర్వీసుకు జమ్మూ కాశ్మీర్ అధికారులను ఎంపిక చేసిన మండలిలో, ఆ ఎంపికకు అభ్యర్థి కూడా అయిన ఒక అధికారి సభ్యుడిగా కూర్చున్నందుకు వచ్చిన ఎ.కె. క్రైపాక్ కేసులో సుప్రీంకోర్టు 1969లో తీర్పు చెప్పింది. తన పేరు చర్చకు వచ్చినప్పుడు ఆయన బయటికి వెళ్లినా, తన పోటీదారుల అర్హతలను బేరీజు వేసిన చర్చలో పాల్గొన్నాడు. మనిషి మనసులో ఏముందో రుజువు చేయడం కష్టం గనుక, పక్షపాతం ఉండగలదని నమ్మడానికి సహేతుకమైన కారణం ఉందా లేదా అన్నదే చూడాలని చెప్పి కోర్టు ఆ ఎంపికను రద్దు చేసింది. ఆ మాటలోని వివేకం కోర్టు గదికే పరిమితం కాదు.

మనస్తత్వశాస్త్రం ఈ విషయాన్ని ఇంకా లోతుగా తవ్వింది. తాను ముందే నమ్మినదాన్ని బలపరిచే ఆధారాన్ని సులువుగా ఒప్పుకొని, కాదన్నదాన్ని శల్యపరీక్ష చేసే మనోధర్మాన్ని ధ్రువీకరణ పక్షపాతం అంటారు. 1979లో చార్లెస్ లార్డ్, లీ రాస్, మార్క్ లెప్పర్ అనే పరిశోధకులు మరణశిక్షను సమర్థించే విద్యార్థులనూ వ్యతిరేకించే విద్యార్థులనూ సమ సంఖ్యలో తీసుకొని, ఆ శిక్ష హత్యలను తగ్గిస్తుందని తేల్చిన అధ్యయనమొకటి, తగ్గించదని తేల్చినది మరొకటి, రెండూ అందరిచేతా చదివించారు. ఎవరి నమ్మకానికి సరిపడిన అధ్యయనం వారికి పటిష్ఠంగా తోచింది, రెండోదానిలో లోపాలు కనబడ్డాయి. ఒకే సాక్ష్యాన్ని చదివిన ఇరుపక్షాలూ దగ్గర పడకపోగా, తమ తమ అభిప్రాయాలు మరింత గట్టిపడ్డాయని చెప్పుకొన్నాయి. ఇంతకన్నా విలువైనది 1984లో లార్డ్, లెప్పర్, ఎలిజబెత్ ప్రెస్టన్ కలిసి వెలువరించిన కొనసాగింపు. అందులో కొందరికి, న్యాయమూర్తి మాదిరిగా వీలైనంత నిష్పాక్షికంగా పరిశీలించమని చెప్పారు. దానివల్ల ఫలితమేమీ కనిపించలేదు. మరికొందరికి, ఇదే అధ్యయనం ఇదే పద్ధతితో సాగి సరిగ్గా వ్యతిరేక ఫలితాన్ని ఇచ్చి ఉంటే అప్పుడూ దాన్ని ఇలాగే అంచనా కట్టేవారా అని అడుగడుగునా ప్రశ్నించుకోమని చెప్పారు. వారిలో ఆ మొగ్గు సర్దుకుంది. సద్బుద్ధిని మాత్రమే బోధించే వ్యక్తిత్వ వికాస గ్రంథాలు ఈ తేడాను పట్టించుకోకపోవడం నిజంగా విచారించవలసిన విషయం.

ఫలితం తారుమారై ఉంటే ఏమనేవారమన్న ఈ ప్రశ్న ఇంటి వ్యవహారాలలోనూ పనికివస్తుంది. తమ బిడ్డకు మార్కులు తగ్గితే ప్రశ్నపత్రాన్నీ, పొరుగు బిడ్డకు తగ్గితే సోమరితనాన్నీ కారణంగా చూపే తల్లిదండ్రులు ఆ ఇద్దరు పిల్లల పేర్లను ఒక్కసారి మనసులో తారుమారు చేసుకొంటే, తమ వివరణ ఎక్కడ నిలవదో వారికే తెలుస్తుంది. ఇంటిపేరూ ఊరూ చెప్పగానే కులాన్ని ఊహించి, ఆ ఊహ మీదే మర్యాదనూ నమ్మకాన్నీ కొలిచే అలవాటు తెలుగు సమాజంలో బలంగా ఉంది. ఉద్యోగానికి మనిషిని ఎంచుకునేవారు, ఇల్లు అద్దెకిచ్చేవారు, ఇవే అర్హతలతో ఇవే మాటలతో మరో ఇంటిపేరు మనిషి వచ్చి ఉంటే ఏమి చేసేవారమని, జవాబు చెప్పకముందే అడిగి చూసుకోవాలి. నిర్ణయం అయిపోయాక అడిగితే మనసు సమర్థనలే వెతుక్కుంటుంది. పబ్లిక్ పరీక్షల జవాబు పత్రాలు దిద్దేవారికి విద్యార్థి ఎవరో తెలియకుండా కోడ్ నంబరు వేయడంలోనూ ఇదే ఆలోచన ఉంది. అక్కడ దిద్దేవారిని శంకించడం లేదు, శంకకు తావే లేకుండా చేస్తున్నారు.

ఇలా తారుమారు చేసి ప్రశ్నించుకోవడం తమకు అక్కరలేదనుకొనేవారూ ఉంటారు. మనస్తత్వ పరిశోధకురాలు ఎమిలీ ప్రోనిన్ తన సహ పరిశోధకులతో కలిసి 2002లో ప్రచురించిన అధ్యయనాలలో, జనం ఇలాంటి మొగ్గులు ఇతరులలో ఎక్కువగానూ తమలో తక్కువగానూ ఉన్నాయని చెప్పుకొన్నారు; ఆ మొగ్గులను వివరించి చెప్పిన తరువాత కూడా చాలామంది ఆ మాట మార్చుకోలేదు. తన లోపలికి తాను చూసుకోవడం ఒక్కటే ఇందుకు సరిపోదని దీనివల్ల తెలుస్తోంది కాబట్టి, ముఖ్యమైన నిర్ణయానికి ముందు తనతో ఏకీభవించని ఒకరిని కోరి పిలిచి, వారి అభ్యంతరాలను కాగితం మీద పెట్టించుకోవడం మేలు. బంధువులో మిత్రులో పోటీలో ఉన్నప్పుడు ఆ పాటి జాగ్రత్తా చాలదు. అక్కడ నిర్ణేత స్థానాన్ని వదులుకోవాలి, తన వారి వంతు వచ్చినప్పుడు మాత్రమే కాదు, వారి పోటీదారుల వంతు వచ్చినప్పుడు కూడా.