ఫ్యానుబెల్టు కీచుధ్వని: కారణము, నివారణము

డైనమోగల పాత అంబాసిడరు కారును వేగిరపరచినపుడు కీచుమను ధ్వని వినవచ్చినచో, మనము మొదట ఫ్యానుబెల్టును చూడవలెను. అది వదులై కప్పీగాడిలో జారుటచే ఆ ధ్వని పుట్టును. ఫ్యానును, నీటిపంపును, డైనమోను త్రిప్పునది ఆ బెల్టే. అది తెగినచో ఇంజను మితిమీరి వేడెక్కును. బ్యాటరీకి విద్యుత్తు అందదు.

ఇంజను ఆపి, చల్లారిన పిదప, రెండు కప్పీల నడుమ బెల్టు పొడవుగా ఉన్నచోట బొటనవ్రేలితో నొక్కుదము. సుమారు అర అంగుళము వంగుట తగును. అంతకు మించినచో డైనమో బోల్టులను సడలించి, దానిని వెలుపలికి జరిపి, మరల బిగింపవలెను. అతిగా బిగించినచో బేరింగులు అరుగును.

బెల్టుపై పగుళ్లుగాని, ప్రక్కల గాజువంటి నునుపుగాని ఉన్నచో క్రొత్తది వేయవలెను. ధ్వని అణగుటకై నూనె పూయరాదు. రబ్బరు చెడి బెల్టు మరింత జారును. క్రొత్తబెల్టు కొంత సాగును గనుక, కొలది దినములకు మరల పరీక్షింతము.