లిసియా తీరమున నావ ప్రయాణము

విద్యార్థులారా! మధ్యధరా సముద్రపు పటమును ముందుంచుకొనుడు. తుర్కీ దేశపు నైరుతి మూలను, ఫెతియే పట్టణమునకును అంతాల్యా నగరమునకును నడుమ, భూమి సముద్రములోనికి గుండ్రముగా పొడుచుకొని వచ్చినట్లు కన్పించును. పూర్వకాలమున ఆ ప్రాంతమునకు లిసియా యని పేరు. అచ్చట టారస్ పర్వతములు నేరుగా కడలిలోనికి దిగుచున్నవి. కొండకును నీటికిని నడుమ చదునైన నేల బహు స్వల్పము. కావున ఆ తీరమున ఒక ఊరినుండి మరియొక ఊరికి పోవలసినవారికి పూర్వము పడవయే బండి, కడలియే బాట. పట్టణములును సముద్రమునకు ఎదురుగా కట్టబడినవి. వానిని నేడును నావమీదినుండి చూచుటయే తగిన పద్ధతి.

ఆ తీరము వెంట పడమరనుండి తూర్పునకు కొన్ని దినములు నావలో పోయినచో ఏమేమి చూడగలమో ఈ పాఠములో తెలిసికొందము. పోవునంతసేపు ఒక ప్రశ్నను మనస్సులో నుంచుకొనుడు: ఒక జాతి నిలిచియున్నదని మనము దేనినిబట్టి చెప్పవలెను? కట్టడములను బట్టియా, మనుష్యులను బట్టియా, మాటను బట్టియా?

నావ, దాని నడక

ఈ తీరమున యాత్రికులు ఎక్కు నావను 'గులెత్' అందురు. దేవదారు జాతికి చెందిన చెట్ల కలపతో చేసిన ఈ నావకు సాధారణముగా రెండు తెరచాప కొయ్యలుండును. వెనుకభాగము వెడల్పుగా నుండును. పూర్వము వీనిలో చేపలు పట్టెడివారు, సరకులు మోసెడివారు, సముద్రగర్భమునుండి స్పంజిని తెచ్చెడివారు. నేడు వానిలో చిన్న గదులు కట్టి యాత్రికులను త్రిప్పుచున్నారు. తెరచాపలున్నను, చాలసార్లు యంత్రముతోనే నడుపుదురు.

ఇట్టి యాత్రలకు పేరు తెచ్చినవాడు జెవాత్ షాకిర్ కబాఆచ్‌లీ యను రచయిత. 1925లో పత్రికలో ప్రచురించిన ఒక రచనకుగాను ఆయనను బోద్రుమ్ అను మారుమూల సముద్రతీరపు ఊరికి ప్రవాసము పంపిరి. శిక్షగా పోయినవాడు ఆ ఊరిని ప్రేమించెను. శిక్ష తీరిన పిదపను అచ్చటికే తిరిగివచ్చి, చెట్లు నాటి, జాలరుల జీవితమును కథలుగా వ్రాసెను. బోద్రుమ్ యొక్క ప్రాచీన నామము హాలికార్నసస్. ఆయన పెట్టుకొన్న కలము పేరు 'హాలికార్నసస్ జాలరి'. ఆయనయు, ఆయన మిత్రులగు రచయితలును చిన్న పడవలలో ఈ తీరమును చుట్టివచ్చి, ఆ యాత్రలకు 'నీలి యాత్ర' యని పేరు పెట్టిరి. ఆ మిత్రులలో నొకరైన అజ్రా ఎర్హాత్ అను విదుషి 1962లో అదే పేరుతో గ్రంథమును వెలువరించెను.

వేసవిలో ఉదయము సముద్రము అద్దమువలె నుండును. మధ్యాహ్నమునకు గాలి లేచి అలలు పెరుగును. అందుచేత సరంగు వేకువనే బయలుదేరి, గాలి ముదురకముందే ఒక అఖాతములో తలదాచుకొనును. ముందువైపు లంగరు దింపి, వెనుకవైపు మోకును ఒడ్డుననున్న రాతికో చెట్టుకో కట్టుదురు. అట్లు రెండువైపుల బిగించిన నావ గాలికి తిరుగక నిలుచును.

ఇండ్లవంటి సమాధులు

ఫెతియే రేవున దిగి తలయెత్తి చూచినచో కొండ నిట్రాతిలో తొలిచిన సమాధులు కానవచ్చును. ఈ పట్టణమునకు పూర్వనామము తెల్మెస్సోస్. సమాధులలో పెద్దది క్రీ.పూ. 4వ శతాబ్దినాటిది, చూచుటకు స్తంభములతో కూడిన గుడి ముఖమువలె నుండును. చుట్టునున్న చిన్నవానిని శ్రద్ధగా చూడుడు. దూలముల కొనలు, వాసములు, తలుపు చట్రములు, అన్నియు కఱ్ఱపనివలెనే రాతిలో చెక్కబడినవి. ఆ కాలమువారి కఱ్ఱ యిండ్లు ఒక్కటియు నిలువలేదు. కాని అవి ఎట్లుండెడివో ఈ రాతిసమాధులవలన మనకు తెలియుచున్నది.

అనేక సమాధులపై వ్రాతలు కలవు. అవి లిసియను భాషలో, వారి సొంత లిపిలో నున్నవి. ఆ లిపి గ్రీకు లిపికి దగ్గరిది. కాని తమ భాషలోని ధ్వనులకొరకు వారు కొన్ని అక్షరములను చేర్చుకొనిరి. ఆ భాష ప్రాచీన హిట్టైటు భాషకు బంధువు; దూరపు చుట్టరికమున సంస్కృతమునకును బంధువే. గుఱ్ఱమును వారు 'ఎస్బె' అనిరి. సంస్కృతపు 'అశ్వ' శబ్దమును దీనితో పోల్చి చూడుడు. సమాధులపై వ్రాత చాలవరకు ఒకే తీరున నుండును: "ఈ కట్టడమును ఫలానావాడు తన భార్యకును బిడ్డలకును కట్టించెను" అని దాని సారము.

విడిచిపోయిన ఊరు

ఫెతియేకు సమీపముననే కయాకోయ్ అను పాడుపడిన గ్రామము కలదు. కొండవాలున వందలకొలది రాతియిండ్లు కప్పులు లేక నిలిచియున్నవి. ఇది ప్రాచీన శిథిలము కాదు. నూరేండ్లకు కొంచెము ముందు ఇచ్చట గ్రీకు మాటాడు క్రైస్తవులు కాపురముండిరి. నాడు ఈ ఊరి పేరు లివిస్సి. 1923లో తుర్కీ, గ్రీసు దేశములు మతమును బట్టి జనులను మార్చుకొనుటకు ఒడంబడిక చేసికొన్నవి. ఊరివారు ఇండ్లను, చర్చీలను విడిచి గ్రీసునకు చేరిరి. వారిలో కొందరును, ఫెతియేనుండి పోయినవారును ఏథెన్సు నగరమునకు దగ్గర 'నేఆ మాక్రి' అను ఊరు కట్టుకొనిరి. మాక్రి యనునది గ్రీకులు ఫెతియేను పిలిచిన పేరు. 'నేఆ' యనగా కొత్త.

ఇచ్చట గుర్తుంచుకొనవలసిన సంగతి యొకటి కలదు. లివిస్సివారి గ్రీకుమాట పుస్తకపు గ్రీకువంటిది కాదు. దానికి తనదైన యాస, పలుకుబడి యుండెను. వారు ఊరు విడుచుటకు చాల ముందే, 1884లో, ఆ యాసలోని మాటలను కూర్చిన పదకోశము ఏథెన్సులో అచ్చయ్యెను. ఇండ్లు చేజారినను, ఇంటిమాట కొంత కాగితముమీద దక్కినది.

ఇసుకలో మునిగిన రేవు

తూర్పునకు సాగినచో పతారా వచ్చును. పూర్వము ఇది లిసియాలో గొప్ప రేవు. నది తెచ్చిన ఒండ్రును, గాలి తెచ్చిన ఇసుకయు రేవును పూడ్చివేసినవి. క్రీ.శ. 64–65లో, రోమను చక్రవర్తి నీరో కాలమున, ఓడలకు దారిచూపుటకై కట్టిన దీపస్తంభము నేడు ఇసుకనేలపై నున్నది. యాత్రికులు సమీపమునగల కల్కాన్ రేవున దిగి, భూమార్గమున పతారాకు పోవుదురు. పొడవైన ఆ ఇసుకతీరమున సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టును. వానికి భంగము కలుగకుండ రాత్రివేళ మనుష్యులను అచ్చటికి పోనీయరు.

పతారాలో చూడదగినది సభాభవనము. లిసియాలోని 23 పట్టణములు కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడినవని గ్రీకు భూగోళకారుడు స్ట్రాబో వ్రాసెను. పెద్ద పట్టణమునకు మూడు వోట్లు, మధ్యరకమునకు రెండు, చిన్నదానికి ఒకటి. పన్నులును ఆ లెక్కననే చెల్లించెడివారు. 18వ శతాబ్దిలో ఫ్రెంచి తత్త్వవేత్త మాంటెస్క్యూ ఈ ఏర్పాటును ప్రశంసించెను. అమెరికా రాజ్యాంగమునకు ఆమోదము కోరుచు 1787లో వెలువడిన వ్యాసములలోను దీని ప్రస్తావన కలదు.

ఇచ్చటినుండి కొంచెము లోపలికి పోయినచో క్సాంథోస్ నగరమును, లెతూన్ దేవాలయ క్షేత్రమును కలవు. 1988లో ఈ రెండును ప్రపంచ వారసత్వ స్థలములుగా గుర్తింపబడినవి. 1973లో లెతూన్‌లో త్రవ్వకములు జరుపుచుండగా ఒక శిల దొరకినది. క్రీ.పూ. 4వ శతాబ్దికి చెందిన ఆ శిలపై ఒకే విషయము మూడు భాషలలో చెక్కబడియున్నది: దేవపూజకు ఏర్పాటు చేయుట, పూజారిని నియమించుట, భూమిని ఇచ్చుట. వెడల్పైన రెండు ముఖములపై లిసియను, గ్రీకు భాషలును, ఇరుకైన ముఖముపై నాటి పారశీక ప్రభుత్వపు వ్యవహార భాషయగు అరమాయికును కలవు. మొదటిది ఇంటిభాష, రెండవది పొరుగువారితోడి వర్తకమునకు పనికివచ్చు భాష, మూడవది కచ్చేరీ భాష. ఇంట తెలుగును, వీథిలో మరియొక భాషను, దరఖాస్తులో వేరొక భాషను వాడు మనకు ఆ శిల వింతగా తోపదు. నేడు అది ఫెతియే వస్తుప్రదర్శనశాలలో భద్రముగా నున్నది.

నీటిక్రింది మెట్లు

ఇంకను తూర్పునకు పోయిన కెకోవా ద్వీపము వచ్చును. దాని తీరము వెంబడి ప్రాచీన పట్టణపు భాగములు నీటిలో మునిగియున్నవి. భూకంపములవలన నేల క్రుంగినది. పడవ మెల్లగా పోవుచుండగా గోడలును, కొండనుండి దిగివచ్చి నీటిలో కలిసిపోవు మెట్లును కన్పట్టును. 1990లో ఈ ప్రాంతమును రక్షిత ప్రాంతముగా ప్రకటించిరి. శిథిలములున్నచోట ఈదుట, మునుగుట నిషిద్ధము.

ఎదుటి ఒడ్డున కలేకోయ్ అను చిన్న ఊరున్నది. 'కలే' యనగా కోట, 'కోయ్' అనగా ఊరు. మన 'ఖిల్లా'యు, వారి 'కలే'యు ఒకే అరబ్బీ మూలమునుండి వచ్చినవి. అట్లే తుర్కీవారు దుకాణమును 'దుక్కాన్' అనియు, బజారును 'పజార్' అనియు, చక్కెరను 'షెకెర్' అనియు అందురు. భాషలు పరస్పరము మాటలను ఇచ్చిపుచ్చుకొనుటవలన చెడిపోవు.

ఈ ఊరికి మోటారు బాట లేదు. పడవలోనో కాలినడకనో రావలెను. ఇండ్ల నడుమ ఇరుకైన మెట్లదారులు కోటవరకు పోవును. కోటలోపల రాతిలో తొలిచిన చిన్న నాటకశాల కలదు, మూడువందలమంది పట్టవచ్చును. ఒడ్డుదగ్గర నీటిలో ఒక రాతి శవపేటిక ఒంటరిగా నిలిచియుండును. స్త్రీలు సూదితో అంచులల్లిన తలగుడ్డలను మెట్లపై పరచి అమ్ముదురు. ఈ తీరమున కొందరు చిన్న పడవలలో నావల దగ్గరకే వచ్చి, పలుచగా ఒత్తిన రొట్టెలో ఆకుకూరనో జున్నునో మడిచి కాల్చి యిత్తురు. శిథిలము వారికి వింత కాదు. అది వారి పెరటిగోడ.

కెకోవా దాటిన పిదప దెమ్రె పట్టణము. ప్రాచీన మైరా నగర మిదియే. కొండలో సమాధులు, వాని ప్రక్కన రోమను కాలపు పెద్ద నాటకశాల, క్రీ.శ. 4వ శతాబ్దిలో ఇచ్చట బిషప్పుగా నుండిన నికొలాస్ పేరిట చర్చి కలవు. క్రిస్మసు తాత కథకు మూలపురుషు డాయనయే. దీని రేవగు అంద్రియాకెలో హాడ్రియను చక్రవర్తి నాటి ధాన్యపు కొట్టు నేడు వస్తుప్రదర్శనశాల యైనది. చుట్టునున్న పొలములలో టొమాటోలు పండించు పారదర్శకమైన పందిళ్లు మెరయుచుండును.

ఏది పోయినది?

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. లిసియాలో సమాధులు నిలిచినవి. అలెగ్జాండరు దండయాత్ర తరువాతను జనులు ఆ నేలమీదనే యుండిరి. వారి సమాఖ్యయు వర్ధిల్లినది. కాని కాలక్రమమున సభలోను, వర్తకములోను, గౌరవపు శాసనములలోను గ్రీకుభాషయే నిలిచినది. క్రీ.పూ. 4వ శతాబ్ది గడచిన పిదప లిసియను శాసనములు అంతరించినవి. కొన్ని తరములపాటు మనుష్యుల పేర్లలో మాత్రము పాత మాటలు వినవచ్చెను. ఎవరును ఆ భాషను నిషేధించినట్లు చరిత్రలో కానరాదు. గౌరవమైన పనులన్నిటికి వేరొక భాష చాలునని తోచినపుడు ఇంటిభాష పని తగ్గి మూలకు చేరును.

నేటి పండితులు ఆ లిపిని చదువగలరు. సమాధిని కట్టుట, భార్య, బిడ్డలు, జరిమానా అను మాటల అర్థము తెలియును. కాని లిసియను తల్లి బిడ్డను ఏమని లాలించెనో, మునిమాపువేళ మేకలను ఏమని పిలిచెనో, పులుపును చేదును ఏమని వేరుచేసెనో ఏ రాతిపైనను లేదు. ఇట్టి మాటలను ఎవరును రాతిలో చెక్కరు. అవి నోటినుండి నోటికి మాత్రమే నడచును. ఒక్క తరము పలుకుట మానినచో ఆగిపోవును. లివిస్సివారి మాటలను మాత్రము ఎవరో కాగితముమీదికి ఎక్కించిరి.

పరభాషను నేర్చుట తప్పుకాదు. మనము నివసించు రాష్ట్రపు భాషను చక్కగా నేర్చుట మన ధర్మము, మన లాభము కూడ. లెతూన్ శిల చెక్కించినవారు మూడు భాషలను సమముగా నిలిపిరి. ఆ శిలపై మొదటి భాషగా మనము చెప్పుకొన్నదానికి తరువాతి తరములలో చోటు దొరకకపోవుటయే నష్టము. తల్లిదండ్రులు ఈ సంగతిని పిల్లలతోపాటు ఆలోచింపవలెను.

అభ్యాసము

1. లిసియా పట్టణములు సముద్రమునకు ఎదురుగా ఏల కట్టబడినవి?

2. పతారా రేవు పూడిపోవుటకును, కెకోవా మునిగిపోవుటకును గల కారణములను పోల్చి వ్రాయుడు.

3. లివిస్సివారు కోల్పోయినదేమి? లిసియనులు కోల్పోయినదేమి? రెండిటిలో మరల దొరకనిది ఏది?

4. మీ ఇంట అవ్వతాతలు వాడు మాటలలో మీ పాఠ్యపుస్తకమున కానరానివి ఇరువది సేకరింపుడు. వంట, పొలము, చేతిపని, జబ్బు, లాలనము, వీనికి సంబంధించినవైన మరియు మంచిది. ఒక్కొక్క మాటను ఎవరు, ఏ సందర్భమున పలికిరో దాని ప్రక్కన వ్రాసి, ఆ కాగితమును పాఠశాలలో మీ తెలుగు ఉపాధ్యాయునికి ఇండు.