సంఘానికి మొదటి ఉద్యోగి
(పాలకవర్గ సభ్యుల శిక్షణ పాఠం)

పాల సంఘం పెట్టిన కొత్తలో నలుగురు సభ్యులు వంతులవారీగా పని చేసుకుంటారు. ఒకరు పాలు కొలుస్తారు, మరొకరు చిట్టా రాస్తారు. పాలు పెరిగిన కొద్దీ ఈ పద్ధతి సాగదు. జీతంపై ఒక మనిషిని పెట్టుకొనక తప్పదు. ఆ మనిషి చేతిలోనే ప్రతి సభ్యుని పాల ధర ఉంటుంది కనుక ఈ నియామకంలో తొందర కూడదు.

1946లో రిజిష్టరైన గుజరాత్‌లోని ఖేడా జిల్లా సంఘం నుంచి వ్యాపించిన ఆనంద్ పద్ధతిలో, నిర్ణయాలు చేసేది ఎన్నికైన పాలకవర్గం. రోజువారీ పని చేసేది వేతనం పొందే ఉద్యోగి. ఈ విభజనను మరువరాదు.

1. స్తోమతు

ముందుగా లెక్క వేయండి. ఉదాహరణకు, రోజుకు 200 లీటర్లు వస్తూ, లీటరుకు 2 రూపాయలు సంఘానికి మిగులుతుందనుకుందాం. నెలకు 12,000 రూపాయలు. అద్దె, కరెంటు, యాసిడ్, రికార్డులకు 3,000 పోతే మిగిలేది 9,000. ఎండాకాలం పాలు సగానికి పడితే మిగులు 6,000. అదే ఖర్చులు తీసివేస్తే 3,000 మాత్రమే. కాబట్టి మంచి నెలలు చూసి జీతం నిర్ణయించరాదు. పూటకు రెండు గంటల పనే అయినా, గంటల లెక్కన ప్రభుత్వ కనీస వేతనానికి తగ్గరాదు.

2. ఎవరిని?

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీలకు దగ్గరి ఊళ్లలో ఒక చిక్కు ఉంది. చదివిన కుర్రవాళ్లకు షిఫ్టులు వారం వారం మారుతుంటాయి. పాలకేంద్రం మాత్రం రెండు పూటలా ఒకే వేళకు తెరవాలి. పైగా అక్కడ పని దొరికిన మరునాడే ఇక్కడ మానేస్తారు. ఊళ్లోనే స్థిరంగా ఉండే, పదవ తరగతి చదివిన మహిళలను తప్పక పరిశీలించండి.

అధ్యక్షుని బంధువును పెట్టకండి. అతడు ఎంత నిజాయితీపరుడైనా, వెన్న తగ్గిన ప్రతిసారీ అనుమానం లేస్తుంది.

అభ్యర్థులకు మాటల పరీక్ష చాలదు. ఒకే పాలను రెండు శాంపిళ్లుగా ఇచ్చి వెన్న తీయించండి. రెండింటి ఫలితం కలవాలి. పది మంది పాల లెక్క కట్టించండి.

3. పొరపాటు ఖరీదు

ఒక సభ్యుడు రోజుకు 10 లీటర్ల గేదె పాలు పోస్తాడు. వెన్న 6.5కు బదులు 6.0 రాస్తే, సుమారు 50 గ్రాముల వెన్న పోయినట్లు. కిలో వెన్నకు 700 రూపాయల లెక్కన రోజుకు 35, నెలకు 1,050 రూపాయలు. ఆ సభ్యుడు మరుసటి నెల ప్రైవేటు వ్యాపారికి పోస్తాడు.

4. జీతం, అధికారం

లీటర్లను బట్టి మాత్రమే కమీషను ఇవ్వకండి. నీళ్లు కలిసిన పాలను తిప్పిపంపే వానికి అప్పుడు నష్టం వస్తుంది. స్థిరమైన జీతం ఇచ్చి, ఊళ్లో తీసిన వెన్నకు, డైరీ వద్ద వచ్చిన వెన్నకు తేడా తక్కువగా ఉన్న నెలలో బహుమానం ఇవ్వవచ్చును.

పాలకవర్గ తీర్మానం, నియామక పత్రం ఉండాలి. అందులో పని, వేళలు, జీతం, సెలవులు, పరీక్షా కాలం, తొలగించేందుకు నోటీసు గడువు రాయండి. పరీక్ష చేసే మనిషే చెల్లింపులు చేస్తున్నచోట, ఒక పాలకవర్గ సభ్యుడు నగదు పుస్తకాన్ని చూసి సంతకం చేయాలి.

ఆదేశాలు అధ్యక్షుని ద్వారానే వెళ్లాలి. ప్రతి సభ్యుడూ ఆజ్ఞలు ఇవ్వరాదు. అలాగని సంఘం ఉద్యోగి అధ్యక్షుని ఇంటి జీతగాడు కాడు. గడ్డి కోతకు, పొలానికి పంపరాదు.

5. ఉద్యోగి క్షేమం

గర్బర్ పరీక్షలో 10 మి.లీ. గంధకామ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. అమైల్ ఆల్కహాల్ వాడతారు. ఆమ్లాన్ని నోటితో పీల్చనివ్వకండి. కళ్లద్దాలు, చేతి తొడుగులు, ఆప్రాన్ సంఘమే కొనాలి. పక్కన ధారాళంగా నీళ్లుండాలి.

పాలకవర్గంలో చర్చించండి:
1. మన సంఘం వేసవి మిగులు ఎంత?
2. ఉద్యోగి ఆకస్మికంగా మానేస్తే రేపు ఉదయం వెన్న తీయగలవారు ఎవరు?
3. వెన్నపై సభ్యుని ఫిర్యాదు వస్తే, అందరి ఎదుట తిరిగి పరీక్షించే ఏర్పాటు ఉందా?