లోహపు పంజరంలో కేన్సర్ మందు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: లోహాలతో తమంతట తామే ఏర్పడే అణు పంజరాలు కేన్సర్‌పై పనిచేస్తాయన్న వార్తలు వస్తున్నాయి. అణువులు తమంతట తామే పంజరంగా మారడం సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే. పల్లాడియం, ప్లాటినం వంటి లోహాల అయాన్లు, అంటే విద్యుదావేశం గల పరమాణువులు, చుట్టూ ఉన్న అణువులతో నిర్ణీత దిశల్లోనే బంధం ఏర్పరచుకుంటాయి. ఆ దిశలకు సరిపడేలా తయారుచేసిన, లిగాండ్లు అనే కర్బన అణువులను ఆ అయాన్లతో ద్రావణంలో కలిపినప్పుడు, బంధాలు ఏర్పడుతూ, విడిపోతూ, పొరపాటున కుదిరినవి మళ్లీ సర్దుకుంటూ, చివరకు అన్నిటికంటే స్థిరమైన ఆకృతి మిగులుతుంది. జపాన్ శాస్త్రవేత్త మకోటో ఫుజిటా బృందం ఈ పద్ధతిలో 1990లో ఒక చతురస్రాన్ని, 1995లో ఆరు లోహ అయాన్లూ నాలుగు త్రిభుజాకార లిగాండ్లూ గల బోలు పంజరాన్ని రూపొందించింది.

ప్రశ్న: సిస్‌ప్లాటిన్ వంటి లోహపు మందు ఇప్పటికే వాడుకలో ఉండగా ఈ పంజరాల అవసరం ఏమిటి?

జవాబు: 1978లో అమెరికాలో అనుమతి పొందిన సిస్‌ప్లాటిన్ వృషణాల కేన్సర్ చికిత్సను మార్చివేసిన మాట నిజమే గాని, అది మూత్రపిండాలనూ వినికిడినీ దెబ్బతీయగలదు, కొన్ని కణుతులు కాలక్రమంలో దానికి లొంగడం మానేస్తాయి. పంజరం వల్ల రెండు ప్రయోజనాలను ఆశిస్తున్నారు: పంజరమే కేన్సర్ కణాన్ని చంపడం, లేదా వేరొక మందును లోపల దాచి కణంలోకి చేర్చడం. వీటిలో రెండవదే ఎక్కువ ఆసక్తికరమైనది. స్విట్జర్లాండ్‌లోని న్యూషాటెల్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రూనో తెరియన్, ఆయన సహచరులు 2008లో ఆరు రుథీనియం అయాన్లు గల పంజరంలో ఒక పల్లాడియం సమ్మేళనాన్ని బంధించి, మానవ అండాశయ కేన్సర్ కణాలపై పరీక్షించారు. ఆ సమ్మేళనం నీటిలో కరగదు కనుక విడిగా దానికి ప్రభావమే లేదు. పంజరంతో కలిసి వెళ్లినప్పుడు మాత్రం ఖాళీ పంజరం కంటే సుమారు 20 రెట్లు ఎక్కువ తీవ్రతతో పనిచేసింది. శత్రువుల కోటలోకి సైనికులను దాచి తెచ్చిన ట్రోజన్ గుర్రంతో పరిశోధకులే దీనిని పోల్చారు.

ప్రశ్న: అయితే అడ్డంకి ఎక్కడ ఉంది?

జవాబు: ముఖ్యంగా రక్తంలో. పంజరాన్ని సులభంగా కూర్చే బంధమే దానిని సులభంగా విప్పుతుంది కూడా. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ క్రౌలీ బృందం 2012లో రెండు పల్లాడియం అయాన్ల పంజరంలో సిస్‌ప్లాటిన్‌ను నిలిపి, క్లోరైడ్ అయాన్లను చేర్చి పంజరాన్ని విప్పగలిగింది. ప్రయోగశాలలో ఇది చక్కని తాళంచెవే. కాని రక్తంలో క్లోరైడ్ లీటరుకు సుమారు 100 మిల్లీమోల్ ఉంటుంది గనుక, అటువంటి పంజరం కణితిని చేరకముందే విడిపోయే ప్రమాదం ఉంది. హిస్టిడిన్, సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు, కణాల్లో సమృద్ధిగా ఉండే గ్లూటాథయోన్ కూడా లోహాన్ని లిగాండ్ల నుంచి లాగివేయగలవు. రుథీనియం బంధాలు నెమ్మదిగా విడిపోవడం వల్ల ఈ విషయంలో కొంత మెరుగు.

పంజరం కణితిలో నిలుస్తుందా అన్నది మరో ప్రశ్న. పెద్ద అణువులు కణితిలోని లోపభూయిష్టమైన రక్తనాళాల గుండా కారి, అక్కడే నిలిచిపోతాయన్న వాదాన్ని 1986లో జపాన్‌లో మాత్సుమురా, మయెదా ప్రతిపాదించారు. పంజరాలకూ దానినే అన్వయించే వ్యాసాలు కనిపిస్తాయి. అయితే ఆ వాదం ప్రధానంగా 40,000 డాల్టన్లకు (అణువుల బరువును కొలిచే ప్రమాణం) పైబడిన అణువులకు సంబంధించినది. అనేక పంజరాల బరువు కొన్ని వేల డాల్టన్లే కనుక అవి మూత్రపిండాల ద్వారా త్వరగా బయటికి పోవచ్చు. ఈ అన్వయాన్ని కొంత సందేహంతోనే చూడవలసి ఉంటుంది.

ప్రశ్న: కుటుంబంలో కేన్సర్ రోగి ఉన్నవారు ఈ చికిత్స కోసం వేచి ఉండవచ్చునా?

జవాబు: వేచి ఉండకూడదు. పైన చెప్పిన ఫలితాలు గాజు పాత్రల్లోనివి. కణాలపై చూపిన తీవ్రత మనిషికి మేలు చేస్తుందన్న హామీ కాదు. జరుగుతున్న కీమోథెరపీని ఇటువంటి వార్తల ఆధారంగా ఆపడం ప్రాణాపాయకరం. కొత్త మందుల ప్రయోగ పరీక్షల్లో చేరదలచినవారు చికిత్స చేస్తున్న ఆంకాలజిస్టును సంప్రదించి, భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ఆ పరీక్ష నమోదై ఉన్నదో లేదో సరిచూడవచ్చు. ఆ నమోదు ప్రభుత్వ అనుమతికి సమానం కాదు గనుక, ఆ పరీక్షను సమీక్షించే నైతిక సంఘం ఆమోదపత్రాన్ని కూడా అడిగి చూడవలసి ఉంటుంది.