న్యాయాధిపతి మొట్టమొదట వేసికొను ప్రశ్న

అమెరికా సంయుక్తరాష్ట్రములలో 1871వ సంవత్సరమున మాట్లీ యను గృహస్థుడును, అతని భార్యయు రైలు ప్రమాదమున గాయపడిరి. వారు నష్టపరిహారమునకై దావా వేయుట మాని, రైల్వే కంపెనీతో నొక యొడంబడిక చేసికొనిరి. దాని ప్రకారము జీవితాంతము వారికి ఉచితముగా ప్రయాణము చేయుటకు పాసు ఈయవలెను. కంపెనీవారు ముప్పదియైదేండ్లు మాట నిలుపుకొనిరి. 1906లో కాంగ్రెసను నచ్చటి కేంద్రశాసనసభ ఉచితపు పాసులను నిషేధించెను. ఆ శాసనమును చూపి, కంపెనీ 1907 నుండి పాసు నిరాకరించెను.

దంపతులు ఫెడరలు కోర్టున, అనగా కేంద్రప్రభుత్వపు న్యాయస్థానమున, దావా వేసి గెలిచిరి. కంపెనీ సుప్రీముకోర్టున అప్పీలు చేసెను. 1908లో ఆ న్యాయాధిపతులు న్యాయ మెవరి పక్షమున నున్నదో చెప్పనే లేదు. ఈ వ్యాజ్యమును విచారించుటకు క్రింది కోర్టున కధికారమే లేదని కొట్టివేయించిరి. ఆ యభ్యంతరమును ఉభయపక్షములలో నెవరును చెప్పలేదు; కోర్టే తనంతట లేవదీసెను!

విద్యార్థులారా, ఇది మీకు మొండితనముగా తోచవచ్చును. నాకును మొదట నట్లే తోచినది. మన దేశమున కేంద్రశాసనములను రాష్ట్రశాసనములను ఒకే కోర్టులు విచారించును. అచ్చట రాష్ట్రములకు వేరుగా, కేంద్రమునకు వేరుగా కోర్టులు గలవు. 1787లో వ్రాయబడిన రాజ్యాంగముయొక్క మూడవ యధికరణమున పేర్కొనబడి, కాంగ్రెసుచే నొప్పగింపబడిన వ్యాజ్యములు మాత్రమే ఫెడరలు కోర్టులవి. సామాన్యులు ఈ కోర్టులలో ప్రవేశించుటకు ముఖ్యముగా రెండు ద్వారములు గలవు. వ్యాజ్యము కేంద్రశాసనమునుండి పుట్టినదై యుండవలెను. లేదా వాదిప్రతివాదులు వేర్వేరు రాష్ట్రములవారై యుండవలెను. ఈ రెండవ ద్వారమునకు సొమ్ముయొక్క నియమము కూడ గలదు. 1789లో వివాదము 500 డాలర్లకు మించవలెననిరి. 1996లో చేసిన శాసనమువలన ఆ మొత్తము 75,000 డాలర్లాయెను.

మాట్లీ దంపతులును, కంపెనీయు కెంటకీ రాష్ట్రమునకు చెందినవారే. కావున రెండవ ద్వారము మూసియున్నది. ఇక మొదటిది. వారి దావాకు మూలము ఒడంబడిక, అది రాష్ట్రశాసనముల సంగతి. 1906 నాటి శాసనమన్ననో, ప్రతివాది చెప్పబోవు సమాధానము. ఎదుటివాడు ఏమి చెప్పునో వాది ముందుగా నూహించి దావాలో వ్రాసినంత మాత్రమున వ్యాజ్యము కేంద్రశాసనమునుండి పుట్టినది కాదని కోర్టు నిర్ణయించెను.

ఇరుపక్షములు సమ్మతించినను విచారింపరాదా యని మా తరగతిలో నొక బాలు డడిగెను. మంచి ప్రశ్నయే. రాజ్యాంగ మీయని యధికారమును ఇద్దరు కక్షిదారులు కూడబలుకుకొని యీయజాలరు. అట్లు కానిచో రాష్ట్రకోర్టుల పని క్రమముగా కేంద్రమునకు జారిపోవును. అధ్యక్షుడే కోరినను ఆ కోర్టు హద్దు దాటలేదు. 1793లో వాషింగ్టను ప్రభుత్వము ఐరోపా యుద్ధమునుగూర్చి 29 ప్రశ్నలు పంపగా, ప్రధాన న్యాయాధిపతియైన జాన్ జేయును, ఆయన సహచరులును, వ్యాజ్యము లేనిదే అభిప్రాయము చెప్పజాలమని నిరాకరించిరి. మన రాజ్యాంగముయొక్క 143వ యధికరణము రాష్ట్రపతికి అట్లడుగు హక్కు నిచ్చుచున్నది.

దంపతులు మరల రాష్ట్రకోర్టున దావా వేసి, అచ్చటను గెలిచిరి. రాష్ట్రకోర్టు తీర్పులో కేంద్రశాసనపు ప్రశ్న యున్నచో దానిని సుప్రీముకోర్టు పరిశీలింపవచ్చును గనుక, కంపెనీ తిరిగి యచ్చటికే పోయెను. ఈసారి విచారణ జరిగెను. గాయములు తగిలిన నలువదియేండ్లకు, 1911లో, ఆ పాసు ఇక చెల్లదని తీర్పు వచ్చెను.