అరణ్యగర్భంలో రణరంగం

యుద్ధచరిత్రను మనం సాధారణంగా తేదీల ద్వారాను, సేనానుల పేర్ల ద్వారాను నేర్చుకొంటాము. కాని యుద్ధం జరిగిన నేల కూడ ఒక గ్రంథమే. దానిని చదువుటకు ఒక పద్ధతి కలదు. ఫ్రాన్సు దేశంలో సోమ్ నదీ ప్రాంతమందలి రెండు చిన్న అడవులు ఇందుకు తగిన ఉదాహరణలు. వానిలో ఒకదానితో మన దక్కనుకు రక్తసంబంధమున్నది.

మొదటిది లాంగ్వాల్ గ్రామాన్ని ఆనుకొనియున్న డెల్విల్ అడవి. 1916 జూలై 15న దక్షిణాఫ్రికా బ్రిగేడు మూడువేలకు పైబడిన సైనికులతో ఇందు ప్రవేశించింది. జూలై 20న వరుసకట్టి వెలుపలికి నడచివచ్చినవారు నూటయాభై మందికి మించలేదు. మిగిలినవారిలో మృతులతోపాటు, గాయపడి అంతకుముందే తరలింపబడినవారును కలరు.

ఈ అడవిలో పరిశీలకుడు ముందుగా నేలను చూడవలెను. గడ్డి కప్పిన గుండ్రని గుంటలు ఫిరంగి గుండ్లు పడిన చోట్లు. వంకరటింకరగా సాగే పల్లములు నాటి కందకములు. ఒక మలుపులో గుండు ప్రేలినను తరువాతి మలుపులోని వారు బ్రతుకుటకే వానిని అట్లు త్రవ్వినారు. పిదప చెట్లను చూడవలెను. ఇవి యుద్ధానంతరం నాటిన వృక్షములు. పాతవానిలో ప్రాణంతో మిగిలినది ఒక్క హార్న్‌బీమ్ చెట్టు మాత్రమే. మూడవది ఇనుము. ఆ ప్రాంతపు పొలాలలో నాగలికి నేటికీ ప్రేలని గుండ్లు తగులుచున్నవి. రైతులు దీనిని ‘ఇనుప పంట’ అంటారు. ఇట్టి వస్తువును తాకరాదు, జ్ఞాపికగా తీసికొనిపోరాదు. శతాబ్దం గడచినను అందలి మందు చావలేదు.

రెండవది, సమీపంలోనే ఉన్న హై వుడ్. 1916 జూలై 14 ఉదయాన ఈ అడవి దాదాపు శూన్యంగా ఉండెను. ఆశ్విక దళానికి ఆజ్ఞలు వెళ్ళినవి. కాని గుంటలు, కందకములు, జారుడు నేల గుర్రాలను అడ్డగించినవి. సికిందరాబాదు ఆశ్విక బ్రిగేడుకు చెందిన 20వ దక్కన్ హార్స్, బ్రిటిషువారి 7వ డ్రాగూన్ గార్డ్సుతో కలసి దాడి సాగించునప్పటికి సాయంకాలమైనది. అప్పటికే జర్మనులు అడవిని బలపరచుకొన్నారు. పంటచేలలో దాగిన శత్రువులను మనవారు బల్లెములతో ఎదుర్కొన్నారు, కొందరిని బందీలుగా పట్టుకొన్నారు. కాని మరతుపాకుల ఎదుట అశ్వబలం అడవిని గెలువజాలలేదు. ఆ అడవి సెప్టెంబరు 15న గాని స్వాధీనం కాలేదు. కొన్ని గంటల ఆలస్యానికి మూల్యం రెండు నెలల నరమేధం.

1790లో నిజాము కొలువులో పుట్టిన అశ్విక దళమే ఈ దక్కన్ హార్స్‌కు మూలం. దక్కనీ ముస్లిములు, సిక్కులు, జాట్లు ఒకే పతాకం క్రింద పోరాడినారు. హై వుడ్ నేడు ప్రైవేటు ఆస్తి. బాటసారి వెలుపలనుండియే చూడవలెను. ఎదుటనున్న లండన్ శ్మశానవాటికలో మూడువేల ఎనిమిది వందలకు పైగా సమాధులుండగా, మూడువేలకు పైగా పేరు తెలియనివారివే. సమాధియే దొరకని భారతీయులు 4,700 మందికి పైగా నవ్ షాపెల్ స్మారకంపై పేర్లుగా మిగిలినారు. ఆ స్మారకాన్ని 1927లో ఆవిష్కరించినారు.

నేల గుంటను దాచును, ఇనుమును దాచును. మనిషి మాటను దాచలేదు. ఫ్రాన్సునుండి మన సైనికులు వ్రాసిన జాబులలో ఉర్దూవి అనేకం. సెన్సారు అధికారులు వానినుండి తీసిన భాగములు నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నవి, అయితే ఆంగ్లానువాదములుగా! తల్లికి కొడుకు వ్రాసిన మాట పరభాషలో మాత్రమే మిగులుట ఎంత నష్టమో రెండు భాషలు నేర్చినవారికి చెప్పనక్కరలేదు.

కావున విద్యార్థులారా, సోమ్ వరకు పోనవసరం లేదు. మీ ఇండ్లలోని పాత పెట్టెలలో తాతముత్తాతల సైనిక పతకములు, ఉత్తరములు ఉండవచ్చును. వానిని చదివించి, పేరు, ఊరు, సంవత్సరం వ్రాసియుంచుడు. ఉర్దూ వచ్చినవారు చదువగా తెలుగు వచ్చినవారు వ్రాసికొనవచ్చును. అడవులు మరుగుపరచినదానిని వెలికితీయుట పండితుల పని. పెట్టెలలో మరుగుపడినదానిని కాపాడుట మన పని.